రెండు ఫ్లాస్కులు, ఒక సంతకం

(‘ఊదా దారం’ – పద్నాలుగో భాగం)

కిందటి వారం ఉడుతను మనం గ్లవ్ బాక్స్ అనే గాలి దూరని అద్దాల పెట్టె ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతులు రెండూ భుజాల దాకా నల్ల రబ్బరు తొడుగుల్లో ఉన్నాయి. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా ఉంది. కుడి చెవి వెనకాల దురద పుడుతోంది గానీ గోక్కునే యోగం లేదు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది, అద్దంలో మామగారి తెల్లకోటు కనబడింది. మనం ఆగింది అక్కడ.

ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం వెనకటి కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఉడుత అసలు పేరు కాదు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో బల్లకీ బీరువాకీ మధ్య గెంతుతూ తిరుగుతుంటే తోటివాళ్లు పెట్టిన పేరు. ఆ ల్యాబ్ పెద్దాయన కొడుకునే పెళ్లి చేసుకోవడంతో ఆ పేరు ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఆమె చేసేది కరెంటు పారే ప్లాస్టిక్. మామూలు ప్లాస్టిక్‌లో కరెంటు పారదు, అందుకే తీగలకు తొడుగుతారు. ఈ రకం వేరు. చిన్న అణువుల్ని ఒకదానికొకటి తగిలించి పొడుగాటి గొలుసు కడితే, ఆ గొలుసు వెంట కరెంటు నడుస్తుంది. కాగితం కంటే పల్చగా పూత పూయొచ్చు, చర్మంతో పాటు వంగుతుంది. లోకమంతా ఆ గొలుసును పల్లేడియం అనే లోహం సాయంతో కడుతుంటే, మన ఉడుత ఏ లోహమూ లేకుండా కట్టి చూపించింది. ఐదేళ్ల కష్టం. ఆమె గైడు అయిన మామగారి పేరు పదిచోట్ల మారుమోగింది. భర్త ఉద్యోగం మానేసి ఆ పదార్థంతో పట్టీలు చేసే చిన్న కార్ఖానా పెట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఛాతీకి అంటించి గుండె లయ కనిపెట్టే పట్టీలు. లోహం లేదు కాబట్టి పసి చర్మానికి బెంగలేదని అందరి నమ్మకం.

ఆ నమ్మకాన్ని కాగితం మీద పెట్టి, పదార్థం తయారుచేసిన మనిషి సంతకం చేస్తే ఆస్పత్రిలో పరీక్షలు మొదలవుతాయి. ఆ కాగితం సోమవారం సాయంత్రం ఐదింటికి అందాలి. ఈ రోజు సోమవారం. టైము మూడున్నర.

గొడవంతా గురువారం మొదలైంది. ఫ్లాస్కులో ద్రవం గిరగిరా తిరగడానికి అడుగున తెల్లపూత పూసిన అయస్కాంతం ముక్క ఒకటి వేస్తారు. దాన్ని బీడ్ అంటారు. ఉడుత ఐదేళ్లుగా ఒకటే బీడ్ వాడుతోంది. ఒళ్లంతా గీతలు పడి బూడిదరంగుకు తిరిగిన ఆ ముక్కకు ల్యాబ్‌లో అందరూ పెట్టిన పేరు ముసలోడు. కొత్తవి చిక్కటి ద్రవంలో తడబడి ఆగిపోతాయి, ముసలోడు మాత్రం ఆగడు. అచ్చొచ్చిన వస్తువని ఉడుత దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. గురువారం ఎవరో మహానుభావుడు అడక్కుండా పట్టుకుపోయాడు. విధిలేక కొత్త బీడ్ వేసింది. పొద్దస్తమానం వేడిచేసినా ద్రవం నిమ్మకాయ రంగులోనే ఉండిపోయింది. గొలుసు తయారవలేదు. సాయంత్రం ముసలోడు దొరికాక మళ్లీ పెడితే గంట తిరక్కుండా ఊదారంగు వచ్చేసింది. ఉడుత భూతద్దం తెచ్చి ముసలోడి ఒంటిమీద గీతల్ని చూసింది.

ముసలోడు ఒకప్పుడు ఆమె భర్తది. చదువుకునే రోజుల్లో అతను ఇదే ల్యాబ్‌లో పల్లేడియంతోనే పనిచేశాడు. లోహం తగిలిన బీడ్‌ను బంగారాన్ని కరిగించే ఆమ్లంలో నానబెట్టాలి, లేదంటే పారేయాలి. ఈ ల్యాబ్‌లో ఆ అలవాటు లేదు. సబ్బుతో కడిగి, అసిటోన్‌తో తుడిచి, అందరి బీడ్లూ ఒకే సీసాలో పడేస్తారు. మంచి వస్తువును పారేయడమేమిటని పెద్దాయన పెట్టిన పద్ధతి అది. సబ్బుకు లొంగని పల్లేడియం ఆ గీతల్లో తిష్ఠ వేసుకుని కూర్చుంది. లోహం లేని పద్ధతి అని ఊరంతా చెప్పుకున్నదాంట్లో మొదటి రోజు నుంచీ లోహం ఉంది.

ఇదీ సంగతి. ఇక పదండి.

మామగారు తలుపు మూసి దగ్గరికొచ్చారు. ఇంట్లో ఆయన్ని మామయ్యగారూ అని పిలవాలి, ల్యాబ్‌లో సార్ అనాలి. పెళ్లయిన మర్నాడే ఆయన గీసిన గీత అది, ఐదేళ్లలో ఇద్దరూ ఒక్కసారి కూడా దాటలేదు.

“ఏంటిది?” అన్నారు.

“బ్యాచ్ పెట్టాను సార్.”

“రెండు ఫ్లాస్కులెందుకు?”

ఆమె ఎడమచేతిలో ఒక సిరంజి, కుడిచేతిలో ఒక సిరంజి. ఒక్కోదాని కింద ఒక్కో ఫ్లాస్కు. పది అంకెలు లెక్కపెట్టి ఎడమదాంట్లో ఒక చుక్క, కుడిదాంట్లో ఒక చుక్క. అలా ముప్పావుగంట. చుక్కలు వేసే యంత్రం చెడిపోయి నెలయింది, దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. మధ్యలో ఆపితే రెండు ఫ్లాస్కులూ వృథా, మళ్లీ మొదటినుంచి రావాలి. అందుకని పక్క గదికి నిప్పంటుకున్నా ఇక్కణ్నుంచి కదలకూడదు.

“పోల్చి చూద్దామని సార్.”

“దేన్నీ దేన్నీ?”

“ఎడమదాంట్లో కొత్త బీడ్. కుడిదాంట్లో ముసలోడు. మిగతావన్నీ ఒకటే.”

చెప్పేసింది. నాలుగు రోజులుగా మింగలేక కక్కలేక తిరుగుతున్న మాట మూడు ముక్కల్లో బయటికి వచ్చేసింది. ఇప్పుడు ఆయన బీడ్‌కీ బ్యాచ్‌కీ ఏం సంబంధమని గద్దిస్తారు, తను వివరించాలి, ఆయన కొట్టిపారేస్తారు, తను ఫ్లాస్కులు చూపించాలి. ఈ వరసంతా పొద్దున్నుంచి మనసులో అప్పజెప్పుకుంటూనే ఉంది.

మామగారు గద్దించలేదు. మూలనున్న స్టూలు లాక్కుని, ఆమె పక్కనే కూర్చుని, కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు.

ఎనిమిది, తొమ్మిది, పది. ఎడమ చుక్క, కుడి చుక్క.

“మీకు తెలుసు కదూ సార్,” అంది ఉడుత.

“ముందు ఆ చుక్కలు చూసుకో.”

“ఎప్పట్నుంచి?”

“మూడు వారాలు. ఆస్పత్రివాళ్లు అడక్కముందే మనమే చూసుకుంటే మంచిదని మన పదార్థం కాస్త బయట పరీక్షకు పంపించాను. పది లక్షల్లో ఎనభై పాళ్లు పల్లేడియం ఉందని రాసిచ్చారు. ఎక్కణ్నుంచి వచ్చిందా అని రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఆఖరికి ఆదివారం పూట ఒక్కణ్నే వచ్చి బీడ్ల సీసా తిరగబోశాను. ముసలోణ్ని చూడగానే అర్థమైంది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వేం చేస్తావో ఇప్పుడు చూస్తున్నాగా.”

ఉడుతకు ఒళ్లు మండింది. ఈ మూడు వారాల్లో ఆయన పక్కన కూర్చుని ఎన్నిసార్లు భోజనం చేసిందో గుర్తుకొచ్చింది. కూర బావుందన్నారు. కూతురికి పుట్టిన పాప బరువు పెరుగుతోందని మురిసిపోయారు. చదువుతున్న పేపర్లో మంచి వ్యాసం వస్తే ఆమె కోసం మడిచి పెట్టారు. ఆ మనిషికి అన్నాళ్లూ ఇది తెలుసు. వెనక్కి తిరిగి ఆయన మొహం సూటిగా చూడాలనిపించింది, కానీ తొడుగుల్లో చేతులుండగా మనిషి తిరగలేదు. అద్దంలో ఆయన నీడను చూస్తూ మాట్లాడాల్సొచ్చింది.

“ఎనభై పాళ్లంటే ఎంతనుకుంటున్నావు?” అన్నారాయన మెత్తగా. “పళ్లకు వేసే తొడుగుల్లో పల్లేడియం ఇంతకు వెయ్యిరెట్లు ఉంటుంది. జనం దాంతోనే నములుతున్నారు, మింగుతున్నారు. గోరంతదాన్ని కొండంత చెయ్యకు.”

“పెద్దవాళ్ల నోటికీ, ఏడో నెలలో పుట్టిన పిల్ల చర్మానికీ పోలికేంటి సార్? ఆ చర్మం ఇంకా గట్టిపడనే లేదు. ఆ ఎనభై కూడా ఒక్క బ్యాచ్ లెక్క. ముసలోడు ఒకరోజు ఎక్కువ వదుల్తాడు, ఒకరోజు తక్కువ వదుల్తాడు. మిగతా బ్యాచుల్లో ఎంతుందో మీరు చెప్పగలరా?”

“లేదు.”

“నేనూ చెప్పలేను.”

“అందుకే కదా పరీక్షలు. మొదలవనీ. ఈలోగా లోహాన్ని కడిగేసే దారి మనమే చూసుకుందాం. ఆరునెలలు చాలు.”

“ఈలోగా పిల్లలకు అంటించేది ఏ పట్టీ సార్?”

కుడి ఫ్లాస్కు రంగు తిరుగుతోంది. మొదట నారింజ, అందులోంచి ఎరుపు, ఆ ఎరుపు అడుగునుంచి నెమ్మదిగా ముదురుతూ ఊదా. గొలుసు పొడుగయ్యేకొద్దీ రంగు అలాగే ముదురుతుంది. ఎడమ ఫ్లాస్కు నిమ్మకాయ రంగులోనే ఉండి, ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది. ఇద్దరూ మాటలు మానేసి ఆ ఊదారంగునే చూశారు. ఎంతైనా ఇద్దరూ ఒకే పని నేర్చినవాళ్లు.

“ఎంత అందంగా ఉంటుందో,” అన్నారు మామగారు. ఆయన గొంతు నిజంగానే మారింది. “మొదటిసారి నువ్వు చూపించిన రోజు నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. నీకు తెలుసో లేదో, అటు తిరిగి తుడుచుకున్నాను.”

ఉడుతకు తెలుసు. ఆ రోజు ఆయన వీపు చూసే ఆమెకూ ఏడుపొచ్చింది. ఆయన చెడ్డవాడైతే ఎంత బావుండేది. తిట్టేసి, సిరంజి విసిరేసి, తలుపు దభీమని వేసి వెళ్లిపోవచ్చు. ఈ మనిషి దగ్గరే ఆమె పని నేర్చుకుంది. చుక్క వేయడానికి పది అంకెలు లెక్కపెట్టమని నేర్పింది కూడా ఈయనే.

మామగారు కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసి, విప్పి, ఆమెకు కనబడేలా అద్దానికి ఆనించి పట్టుకున్నారు. ‘ఈ పదార్థం తయారీలో ఏ దశలోనూ లోహం వాడలేదు. తయారైన పదార్థంలో లోహం లేదు.’ కింద ఆమె పేరు అచ్చువేసి ఉంది. పేరు పైన ఖాళీ.

“మొదటి వాక్యం నిజమే,” అన్నారాయన. “నువ్వు వాడలేదు. తెలీకుండా కలిసింది.”

“రెండో వాక్యమో?”

“రెండోది ఇంకో ఆర్నెల్లకు నిజమవుతుంది.”

“అప్పుడే చేస్తాను సంతకం.”

“అప్పటికి కార్ఖానా ఉండదు. మీ ఆయన్ని నమ్ముకుని పదకొండు మంది పనిచేస్తున్నారు. ఈ కాగితం ఇవాళ వెళ్లకపోతే ఆస్పత్రివాళ్లు ఇంకొకళ్లను చూసుకుంటారు. నేను రెండు నెలల్లో ఈ కుర్చీ దిగిపోతున్నాను, నా సంగతి వదిలెయ్. నీ డిగ్రీ సంగతేంటి? నీ థీసిస్ పేరులోనే లోహం లేని పద్ధతి అని ఉంది. ఆ ఒక్కముక్క తీసేస్తే అందులో ఏం మిగుల్తుంది?”

ఉడుత ఎడమదాంట్లో ఒక చుక్క, కుడిదాంట్లో ఒక చుక్క వేసింది.

“దాని మీద నేను సంతకం పెట్టాలి,” అన్నారు మామగారు. “నీది నాకు కావాలి, నాది నీకు కావాలి. నిన్ను బెదిరించడం లేదు. ఉన్నమాట చెబుతున్నాను.”

బెదిరించడం లేదని చెప్పి మరీ బెదిరించడం ఆయనకు కొత్తకాదు. ఇంట్లో కొత్త సోఫా కొన్నప్పుడు కూడా ఇలాగే ఉన్నమాట చెప్పారు. ఉడుత సిరంజిల వంక చూసుకుంది. ఇంకా సగం ఉన్నాయి. చుక్కలు పడుతున్నంతసేపూ ఆమె చేతులు ఖాళీగా లేవు. ఖాళీలేని చేతులకు ఎవరూ కలం ఇవ్వలేరు. పదికి ఒకటి వేయాల్సిన చుక్క పన్నెండుకు వేసింది. ఆ తర్వాతది పదిహేనుకు.

“నెమ్మదిగా వేస్తున్నావు,” అన్నారాయన.

“అవును సార్.”

“ఎంత నెమ్మదిగా వేసినా అయిదు అవకముందే అయిపోతాయి. నాకేం తొందర్లేదు, కూర్చుంటాను.”

కూర్చున్నారు కూడా. కాగితం మోకాళ్ల మీద పెట్టుకుని, కలం మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి. ఉడుతకు చేతులు లాగుతున్నాయి. తొడుగుల లోపల చెమట మోచేతుల దాకా కారుతోంది. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని ఆమెకు అనిపించింది. సార్‌ని కాదంటే ఇంట్లో మామయ్యగారు చిన్నబుచ్చుకుంటారు, మామయ్యగారిని కాదంటే ల్యాబ్‌లో సార్ మొహం మాడ్చుకుంటారు. రెండుచోట్లా ఒకే మనిషి కూర్చుని ఉంటే అలిగి ఎక్కడికని వెళ్తుంది? పుట్టింటికి వెళ్దామన్నా, అక్కడ కూడా గోడమీద ఆయన చేతుల మీదుగా తను బహుమతి అందుకుంటున్న ఫోటోయే ఉంది.

“అమ్మా,” అన్నారు మామగారు.

ఉడుత ఉలిక్కిపడింది. ఆయన గీసిన గీతను ఆయనే దాటేశారు.

“నేను సార్‌గా అడగడం లేదమ్మా. వాడు నీకు మొగుడు, నాకు కొడుకు. ఆ బీడ్ వాడిది. ఆమ్లంలో నానబెట్టకుండా సీసాలో పడేసింది వాడు. పడెయ్యమన్న పద్ధతి నాది. తప్పు మా ఇద్దరిదీ, నువ్వు దాంట్లో ఇరుక్కున్నావంతే. ఒప్పుకుంటున్నాను. కానీ రేపు ఇది బయటికొస్తే, వాడు తన చేత్తోనే అంతా ముంచుకున్నానని తెలుసుకుంటే, వాడేమైపోతాడో నీకు తెలీదా?”

ఉడుతకు తెలుసు. భర్త మెత్తటి మనిషి. సిరా మరక పడితేనే రెండు రోజులు అన్నం సహించదు. ఆమె కళ్లు చెమర్చాయి, తుడుచుకోవడానికి చేతులు లేవు. అద్దం మీద తన ఊపిరికి పట్టిన ఆవిరిలోంచి రెండు ఫ్లాస్కులూ మసకమసకగా కనబడుతున్నాయి.

“చేస్తానులే అను,” అన్నారాయన. “ఒక్కమాట అంటే లేచి వెళ్లిపోతాను. సంతకం మెల్లిగా చెయ్యి.”

నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఉడుత నోటి చివరిదాకా ఆ మాట వచ్చింది. మీరూ నేనూ అయితే అనేసేవాళ్లమేమో. ఆమె కూడా అనేసేదే. ఇంతలో బల్ల మీద ఆమె ఫోన్ మోగింది.

పేరు చూడగానే మామగారి మొహం విప్పారింది. “బుల్లి!”

బుల్లి ఆయన కూతురు, ఉడుతకు ఆడపడుచు. పద్దెనిమిది రోజుల కిందట ఏడో నెలలోనే ఆడపిల్లను కంది. పాప ఇంకా ఆస్పత్రిలో వెచ్చటి గాజుపెట్టెలోనే ఉంది. తల్లిని తప్ప ఎవర్నీ లోపలికి పోనివ్వరు. ఉడుత భర్త మాత్రం మేనమామ హోదాలో బతిమాలుకుని రోజుకోసారి చూసొస్తున్నాడు.

“నీ చేతులు ఖాళీ లేవుగా,” అని మామగారే ఫోన్ ఎత్తి, స్పీకర్ పెట్టి, ఆమె చెవికి దగ్గరగా పట్టుకున్నారు. మనవరాలి కబురు వినబోతున్న తాతగారి నవ్వు ఆయన మొహం మీద అప్పుడే వచ్చేసింది.

“వదినా, పనిలో ఉన్నావా?”

“ఫర్వాలేదు చెప్పు బుల్లీ. పాపెలా ఉంది?”

“బాగానే ఉంది. ఒక్కమాట అడగాలి. పట్టీ చుట్టూ ఎర్రబడ్డం మామూలేనా?”

“ఏ పట్టీ?”

“నీ పట్టీయే వదినా. అన్నయ్య చెప్పలేదూ? అయ్యో, నీకు చెప్పి ఆశ్చర్యపరుస్తానన్నాడు.” బుల్లి గొంతు తగ్గించింది. పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. “ఇక్కడ మామూలుగా అంటించేవి ఉన్నాయే, తీసినప్పుడల్లా పాప చర్మం కూడా ఊడొస్తోంది వదినా. రక్తం కూడా వచ్చింది. నేను చూడలేకపోయాను. అన్నయ్య చూసి ఏడ్చేశాడు. ఒక పట్టీ పట్టుకొచ్చి దీనికి వెయ్యండని డాక్టరుగారి కాళ్లావేళ్లా పడ్డాడు. ఆవిడ ముందు కుదర్దన్నారు. మా ఆవిడ సొంతంగా చేసిందండీ, లోహం ఇసుమంత కూడా ఉండదు, సోమవారం కాగితం వచ్చేస్తుంది అని చెప్పాడు. ఆఖరికి ఒప్పుకున్నారు. వేశాక హాయిగా పడుకుంది తెలుసా? పొద్దున్నుంచే ఇలా చుట్టూ ఎర్రగా, చిన్నచిన్న పొక్కులు. నర్సు ఏమో ప్లాస్టర్ వల్ల అంటోంది. డాక్టరుగారు ఇంకో వార్డులో ఉన్నారు, పిలవనా వద్దా అని ఆలోచిస్తున్నా. నువ్వు మామూలే అంటే చాలు వదినా, నాకు ధైర్యంగా ఉంటుంది.”

ఉడుత అద్దంలో మామగారిని చూసింది. ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు. ఆయనకు కూడా తెలీదు. కొడుకు తండ్రికి కూడా చెప్పకుండా పట్టుకెళ్లాడు.

“చెప్పండి,” అంది ఉడుత ఆయనతో, ఫోన్‌లో వినబడనంత చిన్నగా. “మామూలేనని మీరే చెప్పండి మామయ్యగారూ.”

ఇందాకట్నుంచీ ఆయన చెప్పింది అదే. గోరంత అన్నారు, పళ్ల తొడుగులన్నారు. ఇప్పుడు ఒక్కమాట అంటే సరిపోతుంది. ఆయన ఫోన్‌ను తన వైపు తిప్పుకుని, మళ్లీ ఆమె చెవి వైపే జరిపారు.

“వదినా, ఉన్నావా?”

“తల్లీ,” అన్నారు మామగారు.

“నాన్నా! నువ్వూ అక్కడే ఉన్నావా? మంచిదైంది. నువ్వు చెప్పు నాన్నా, ఏం ఫర్వాలేదు కదూ?”

“డాక్టర్ని పిలువమ్మా. ఇప్పుడే పిలిచి, పట్టీ తీయించెయ్.”

“అదేంటి? దాంట్లో లోహం లేదుగా?”

ఆయన సంతకం లేని ఆ కాగితం వంక చూశారు.

“నాన్నా, ఉందా?”

“ఉంది.”

ఉడుత చేతులు లాగేసింది. తొడుగులు సగం తిరగబడి బయటికి వేలాడాయి. లోపల ఒక సిరంజి దొర్లి ఎడమ ఫ్లాస్కును తన్నింది, నిమ్మకాయ రంగు ద్రవం పెట్టె అడుగంతా పారింది. బ్యాచ్ పోయింది. ఆమె అటు చూడనైనా చూడకుండా మామగారి చేతిలోంచి ఫోన్ అందుకుంది.

“బుల్లీ, నేను చెప్పేది సరిగ్గా విను. ఆ ఎరుపు దానివల్లేనో కాదో నాకు తెలీదు. నర్సు అన్నట్టు ప్లాస్టర్ వల్ల కూడా అవ్వచ్చు. కానీ పట్టీలో పల్లేడియం అనే లోహం ఉంది. ఎంతుందో మాకు కూడా సరిగ్గా తెలీదు. డాక్టరుగారికి ఆ పేరు చెప్పు. పల్లేడియం. రాసుకో. గబుక్కున పీకేయకుండా, చర్మం ఊడకుండా తడిపి మెల్లిగా తీయమను.”

బుల్లి ఎవర్నో కేకేసింది. చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు. పాప ఏడుపు సన్నగా వినబడింది. తర్వాత బుల్లి మళ్లీ ఫోన్ దగ్గరికొచ్చింది. ఈసారి ఆమె గొంతు వేరేగా ఉంది.

“డాక్టరుగారొచ్చారు. తడిపి తీస్తున్నారు. ఆ పదార్థం గురించి పూర్తిగా తెలిసినవాళ్లు ఒకరు వెంటనే రావాలంటున్నారు. వదినా, నీకెప్పుడు తెలిసింది?”

ఇప్పుడే తెలిసిందని ఉడుత అనొచ్చు. కాదనేవాళ్లు ఆ గదిలో లేరు. మామగారు స్టూలు మీదనుంచి తలెత్తి ఆమె వంక చూశారు, ఇప్పుడేనని చెప్పు అన్నట్టు తల చిన్నగా ఆడించారు. అంత కుప్పకూలిన మనిషి కూడా, తన కోసం కాదు, కోడలి కోసం ఆ దారి చూపించారు.

“గురువారం,” అంది ఉడుత.

“గురువారమా?”

“ఇంకొక్కసారి చేసి చూసుకుని, అప్పుడు చెబుదామని...”

“మేం పట్టీ వేసింది శనివారం వదినా,” అంది బుల్లి.

ఏడవలేదు, అరవలేదు. ఉడుత ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది.

“అయినా నువ్వే రా,” అంది బుల్లి. “నాన్న వద్దు, అన్నయ్య వద్దు. నువ్వొచ్చి, గురువారం నుంచి ఏం జరిగిందో డాక్టరుగారికి నీ నోటితో చెప్పు. నేను పక్కనే నిలబడి వింటాను.”